వాల్వు తెగకుండా ఆపిన రిమ్ లాక్

మడికొండ బండరాళ్ల మీద ట్రయల్స్ (మోటార్ సైకిల్‌తో రాళ్లు, అడ్డంకులు దాటే ఆట) సాధన మొదలుపెట్టిన నెలలోనే మూడు ట్యూబులు పోయాయి. ప్రతిసారీ వాల్వు ట్యూబుకు అతుక్కునే చోటే తెగేది. ఈ ఆటలో కాలు నేలకు ఆనితే పెనాల్టీ పడుతుంది. అందుకే పట్టు కోసం వెనక టైరులో గాలిని 6 పీఎస్ఐకి దించాను. అసలైన ట్రయల్స్ బండ్లకు వెనక ట్యూబ్‌లెస్ టైరు ఉంటుంది, 4–5 చాలు. నాది ట్యూబున్న పాత 100 సీసీ బండి. యాక్సిలరేటర్ తిప్పగానే టైరు రిమ్ము మీద జారి, ట్యూబును ఈడ్చుకుపోయేది.

కాజీపేట మిత్రుడు తెగిన వాల్వు చూడగానే కారణం చెప్పాడు. అతని మేలు మరువలేను. రిమ్ముకు రంధ్రం వేయించి, టైరు జారకుండా దాని అంచును రిమ్ముకు అదిమిపట్టే రిమ్ లాక్ బిగించాను, గాలి 8కి పెంచాను. వాల్వు నట్టును రిమ్ముకు బిగించకుండా మూత దగ్గరికి తిప్పి వదిలాను. టైరు జరిగితే వాల్వు పక్కకు వంగి ముందే తెలుస్తుంది. నిన్న రెండు గంటలు రాళ్లెక్కాక కూడా నిటారుగానే ఉంది.