మగపిల్లలతో సమానత్వం గురించి మాట్లాడాలంటే స్టేజీ ఎక్కకండి, గ్రౌండ్‌కి వెళ్ళండి

మార్చి 8 దగ్గరపడగానే కాలేజీలో ఒక మీటింగ్, ఒక శాలువా, స్త్రీలను గౌరవించాలంటూ ఒక పెద్దాయన గంటసేపు ఉపన్యాసం, వెనక బెంచీల్లో కుర్రాళ్ళు రీల్స్ చూసుకోవడం. మీరూ ఇలాంటిదే పెడదామనుకుంటుంటే మానేయండి, ఆ శాలువా డబ్బులతో పిల్లలకి సమోసాలు కొనొచ్చు. విజయవాడలోనో గుంటూరులోనో మీ వీధి కుర్రాళ్ళతో, మీ షెడ్డులో పనిచేసే మగవాళ్ళతో ఈ విషయం మీద నిజంగా పని చేయాలనుంటే ఎక్కడ మొదలుపెట్టాలో రాస్తున్నా.

ముందు చోటు సంగతి. వాళ్ళని మీ దగ్గరికి పిలవకండి, వాళ్ళు రోజూ చేరే చోటికే మీరు వెళ్ళండి: క్రికెట్ గ్రౌండ్, జిమ్, ఆటో స్టాండ్, ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు. నడిపే మనిషి కూడా వాళ్ళు అన్నా అని పిలిచే సీనియరో, కోచో అయితే సగం పని అయిపోయినట్టే. ముంబైలో పరివర్తన్ అనే కార్యక్రమం చేసింది ఇదే, క్రికెట్ కోచ్‌లకి శిక్షణ ఇచ్చి వాళ్ళ చేతే పిల్లలతో మాట్లాడించారు. పది పన్నెండు మంది చాలు, కానీ ఒకే ఈడు వాళ్ళు ఉండాలి. ఎనిమిదో తరగతి వాడినీ బీటెక్ వాడినీ కలిపి కూర్చోబెడితే చిన్నోడు నోరు విప్పడు.

ఒక్కరోజుతో తేలే పని కాదని కూడా ముందే అనుకోండి. హర్యానాలో 314 ప్రభుత్వ స్కూళ్ళని తీసుకుని, వాటిలో దాదాపు సగం స్కూళ్ళలో ఏడు నుంచి పదో తరగతిలోపు పిల్లలకి మూడు వారాలకొకసారి ముప్పావుగంట చొప్పున రెండున్నరేళ్ళు ఈ విషయాల మీద క్లాసులు పెట్టారు. తర్వాత చూస్తే పిల్లల ఆలోచనల్లో తేడా కనిపించింది, పైగా నడవడికలో మార్పు ఆడపిల్లల కంటే మగపిల్లల్లోనే ఎక్కువ కనిపించింది, ఇంటి పనులు చేయడంతో సహా. మనకి రెండున్నరేళ్ళు కుదరకపోవచ్చు, కానీ ఆరు నెలలకి తగ్గితే నాకైతే నమ్మకం లేదు.

మొదటి రోజు నీతులేమీ చెప్పకండి. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, నిన్న మీ అమ్మ లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏ టైముకి ఏం చేసిందో రాయమనండి. మొదట్లో టకటకా రాసేస్తారు: పాలు, టీ, టిఫిన్, బాక్సులు. పదకొండు దాటాక పెన్నులు ఆగిపోతాయి. అప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "నిన్న మీ అమ్మ మధ్యాహ్నం ఎన్నింటికి తింది, ఏం తింది?" తలలు గోక్కుంటారు, పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తారు, ఒకడు "మేం తిన్నాక తింటదన్నా" అంటాడు. చాలు, అక్కడ మీరేం మాట్లాడొద్దు. తర్వాత రెండో కాగితం మీద వాళ్ళ రోజు రాయించి రెండూ పక్కపక్కన పెట్టించండి. అప్పుడు మాత్రమే లెక్క చెప్పండి: 2019లో కేంద్రం చేసిన సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతుంటే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. అది కూడా చేసే మగవాళ్ళ లెక్కే, అసలు చేసేవాళ్ళు నూటికి 26 మందే.

ఎవడో ఒకడు "వంట ఆడోళ్ళ పని కదన్నా" అంటాడు, అనకపోతే మీరే అనిపించండి. ఈ ఊళ్ళో పునుగుల బండి మీద ఎవరున్నారు? ఇడ్లీ బండి దగ్గర చట్నీ ఎవరు రుబ్బుతున్నారు? పెళ్ళిలో వెయ్యి మందికి వండే వంటమేస్త్రి ఎవరు? జీతమొస్తే మగపని, రాకపోతే ఆడపని ఎలా అయిందో వాళ్ళనే కొట్లాడుకోనివ్వండి. గుంటూరు వాళ్ళయితే మిర్చి సంగతి తీయొచ్చు, ఎండలో ఘాటుకి తుమ్ముతూ తొడిమలు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే, యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసేది మగవాళ్ళు, ఎవరి కూలి ఎంతో ఇంటికెళ్ళి కనుక్కు రమ్మనండి.

మాటల తర్వాత పని. "అమ్మకి సాయం చెయ్యండి" అని మాత్రం చెప్పొద్దు, ఆ సాయం రెండ్రోజుల్లో ఆవిరైపోతుంది. ఒక పని మొదలు నుంచి చివరిదాకా వాడిదే కావాలి. ఆదివారం ఇడ్లీ నాది అన్నవాడు శనివారం మధ్యాహ్నమే మినప్పప్పు నానబెట్టాలి, అంతకుముందే డబ్బాలో పప్పుందో లేదో చూసుకోవాలి, సాయంత్రం రుబ్బి రవ్వ కలిపి రాత్రికి పులియబెట్టాలి, పొద్దున్న వేశాక ఇడ్లీ రేకులు, చట్నీ జారు కడిగి బోర్లించాలి. మధ్యలో "అమ్మా, ఉప్పెంత?" అని పదిసార్లు అడిగితే ఆవిడకి పని తగ్గనట్టే. ఆ వారం ఎవరు చేశారో గ్రూప్‌లో ఫోటో పెట్టమనండి, కుర్రాళ్ళ పోటీ తత్వం మంచి పనికి కూడా పనికొస్తుంది.

అడ్డు నాన్న దగ్గర్నుంచే వస్తుందనుకుంటారు గానీ చాలా ఇళ్ళల్లో నాయనమ్మ ముందు నిలబడుతుంది, "మగపిల్లాడి చేత అంట్లు తోమిస్తారా" అని. ఆవిణ్ణి తప్పుపట్టి లాభం లేదు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త భార్యని కొట్టడానికి ఏదో ఒక కారణం సరైనదే అన్న ఆడవాళ్ళు మన రాష్ట్రంలో 80 శాతం దాటారు. కాబట్టి మొదలుపెట్టేముందే ఇళ్ళకి వెళ్ళి అమ్మలతో, నాయనమ్మలతో ఒకసారి కూర్చోండి.

తర్వాత ప్రశ్నలు వస్తాయి, అవి తప్పించుకోవద్దు. "ఆడోళ్ళకి బస్సు ఫ్రీ, మరి మాకో?" "తప్పుడు కేసుల సంగతేంటి?" వాడు నిజంగా ఎక్కడో చూసి ఉండొచ్చు, వినండి, గేలి చేయొద్దు. చట్టాన్ని ఎవరైనా దుర్వినియోగం చేస్తే అది తప్పేనని ఒప్పుకోండి, అలాగని కొట్టినవాడి తప్పు మాఫీ కాదనీ చెప్పండి. "సమానత్వం అంతా ఫారిన్ సరుకు" అనేవాడికి మాత్రం మన గుంటూరునే చూపించండి. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు వందేళ్ళ కిందటే ఇక్కడ వితంతు వివాహాలు చేయించి, ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం నడిపారు.

మగవాళ్ళ బాధ గురించి మాట్లాడకుండా ఈ పని ముందుకు పోదు. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు 1,70,924 మంది, వాళ్ళలో నూటికి 70 మందికి పైగా మగవాళ్ళే. ఇంటర్ హాస్టళ్ళ నిండా ఉన్న ఈ ఊళ్ళో "మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా" అన్న మాట ఎంతమందిని నోరెత్తకుండా చేసిందో అడగండి, వాళ్ళే చెప్తారు. కానీ అందరి ముందు ఎవడి గాయాన్నీ కెలకొద్దు. టెన్షన్‌లో ఉన్నవాడికి టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 ఇవ్వండి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లాడు తన మీద లైంగిక వేధింపు జరిగిందని చెప్తే ఎవరికీ చెప్పనని మాటివ్వకండి, పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం తప్పనిసరి, చైల్డ్‌లైన్ 1098 ఉంది. ఇంట్లో అమ్మని కొడుతున్నారంటే మీరు పంచాయితీకి కూర్చోకండి, మహిళా హెల్ప్‌లైన్ 181కో, ఎమర్జెన్సీ నంబరు 112కో ఫోన్ చేస్తే చాలు.

పెళ్ళైన మగవాళ్ళ గ్రూపు అయితే ఇడ్లీతో కాదు, ఆపరేషన్‌తో మొదలుపెట్టండి. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు, మగవాళ్ళ వేసెక్టమీ అర శాతం కూడా లేదు. నిజానికి చిన్న ఆపరేషన్ మగవాడిదే, కోత కుట్టు లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ఆ రోజే ఇంటికి రావచ్చు, మగతనానికి ఏ లోటూ రాదు. కాకపోతే మూడు నెలలదాకా, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలేవరకు, కండోమ్ వాడాలి. ఇది డాక్టరు చేత చెప్పిస్తే ఇంకా మంచిది.

ఇక అసలు పరీక్ష ఆస్తి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా "కట్నం ఇచ్చాం కదా" అని చెల్లి చేత సంతకం పెట్టించుకునే ఇళ్ళు ఎన్ని లేవు! ఈ చర్చ మొదటి నెలలో పెట్టకండి, గ్రూపు చెదిరిపోతుంది. నాలుగైదు నెలలు కలిసి కూర్చున్నాక, కట్నం 1961 నుంచీ నేరమేనని, తీసుకోనన్న మాట పెళ్ళిచూపులకి ముందే ఇంట్లో చెప్పాలని వాళ్ళకి చెప్పండి, చెల్లి వాటా గురించి నాన్నతో ఎలా మాట్లాడాలో నాటకంలా వేయించి చూడండి.

మారారో లేదో కుర్రాళ్ళని అడగొద్దు, అందరూ మారామనే అంటారు. మూడు నెలలకొకసారి అమ్మనో భార్యనో చెల్లినో విడిగా అడగండి: చెప్పకుండా చేస్తున్న పని ఏదైనా ఉందా, దాని తర్వాత మళ్ళీ మీరు చేసుకోవాల్సి వస్తోందా? "చేస్తాడండీ, కానీ గిన్నెలు మళ్ళీ నేనే కడుక్కుంటా" అన్న జవాబు వస్తే ఆ కుర్రాడికి ఇంకో తెల్లకాగితం ఇవ్వండి.