ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్, రైటింగ్‌కు ఆరు వారాల్లో ఎలా సిద్ధం కావాలి?

ఐఈఎల్‌టీఎస్ అంటే విదేశాల్లో చదువుకో వీసాకో అడిగే ఇంగ్లిష్ పరీక్ష, అందులో ఒక్కో విభాగానికి 9 దాకా బ్యాండ్లు (స్కోర్లు) ఇస్తారు. లిజనింగ్ (వినడం), రీడింగ్‌లలో (చదవడం) 7 తెచ్చుకుని రైటింగ్‌లో 6 దగ్గర, స్పీకింగ్‌లో 6.5 దగ్గర ఆగిపోయే అభ్యర్థులు మన దగ్గర చాలామందే ఉంటారు. మొదటి రెండింటిలో జవాబు ప్రశ్నపత్రంలోనో ఆడియోలోనో దొరుకుతుంది, పట్టుకుంటే చాలు. తర్వాతి రెండింటిలో జవాబు మీ దగ్గర్నుంచే రావాలి. ఇంటర్ దాకా వ్యాసాలు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. కంఠస్థం చేసిన జవాబును పసిగట్టేలా పరీక్షకులకు శిక్షణ ఉంటుంది, దానికి మార్కులు తగ్గుతాయి కూడా. అందుకే ఈ ఆరు వారాలూ మోడల్ ఆన్సర్లు పోగేయడం మానేసి, మీ సొంత మాటనూ మీ సొంత రాతనూ మళ్లీ మళ్లీ సరిదిద్దుకోవడం మీదే పెట్టండి.

అర బ్యాండ్ తేడా చిన్నదేమీ కాదు. లిజనింగ్ 7, రీడింగ్ 7, రైటింగ్ 6, స్పీకింగ్ 6.5 వస్తే సగటు 6.625, దాన్ని దగ్గరి అర బ్యాండ్‌కు సర్దితే ఓవరాల్ 6.5. స్పీకింగ్ ఒక్కటి 7 అయితే సగటు 6.75, ఓవరాల్ 7. చాలా యూనివర్సిటీలు ఓవరాల్‌తో పాటు ఒక్కో విభాగంలో కనీస బ్యాండ్ కూడా అడుగుతాయి. మీరు దరఖాస్తు చేసే కోర్సు పేజీ చూసి ఆ రెండు అంకెలూ ముందే రాసి పెట్టుకోండి.

మొదటి వారం: మీ తప్పులు మీకు తెలియాలి

ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఏదైనా ఒక అంశం మీద రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడండి. మర్నాడు 40 నిమిషాలు గడియారం పెట్టుకుని ఒక టాస్క్ 2 (రైటింగ్‌లో రెండో ప్రశ్న) వ్యాసం రాయండి. తర్వాత ఆ రికార్డింగ్ వింటూ మీరు అన్నది అన్నట్టుగా కాగితం మీద పెట్టండి. ‘ఆఁ’లు, ‘యాక్చువల్లీ’లు కూడా వదలకండి. విసుగు పుట్టే పనే. కానీ చెవికి తెలియని తప్పులు కంటికి కనిపించేది ఇక్కడే.

తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో మళ్లీ మళ్లీ దొర్లే తప్పులు కొన్ని ఉన్నాయి. ‘ఐ యామ్ లివింగ్ ఇన్ హైదరాబాద్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అంటాం, ‘ఐ హావ్ లివ్డ్ ఇన్ హైదరాబాద్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలి. ‘ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్’ కాదు, ‘ఐ హావ్ టూ బ్రదర్స్’. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ రాదు, ‘రిటర్న్’ తర్వాత ‘బ్యాక్’ అక్కర్లేదు. ‘ఐ యామ్ అగ్రీ’ తప్పు, ‘ఐ అగ్రీ’ చాలు. ‘ఆల్దో’తో వాక్యం మొదలెట్టి మధ్యలో ‘బట్’ పెట్టకూడదు. ‘ఇన్ఫర్మేషన్’, ‘ఎక్విప్‌మెంట్’, ‘అడ్వైస్’ చివర ‘ఎస్’ ఉండదు. ‘ఎ’, ‘ద’ లాంటివి తెలుగులో లేవు కాబట్టి ఇంగ్లిష్‌లోనూ మింగేస్తాం. మాటలో ఒకటీ అరా జారినా సాగిపోతుంది గానీ, రాతలో అవి ప్రతి వాక్యంలోనూ కనిపిస్తాయి.

ఇవన్నీ ఒకేసారి దిద్దబోతే నోరు పెగలదు. మీ రికార్డింగ్‌లో ఎక్కువసార్లు వచ్చిన మూడు తప్పులు ఎంచుకోండి. రెండు వారాలు వాటినే కనిపెట్టండి, అవి తగ్గాక ఇంకో మూడు.

స్పీకింగ్: 11 నుంచి 14 నిమిషాలు

పరీక్షకుడు ఎదురుగానో వీడియో కాల్‌లోనో ఉంటాడు, సంభాషణ అంతా రికార్డవుతుంది. మార్కులు నాలుగు అంశాలకు సమానంగా పంచుతారు: తడబాటు లేకుండా పొందికగా చెప్పడం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. మీ అభిప్రాయం ఒప్పా తప్పా అన్నదానికి మార్కులు లేవు. రాజకీయమైనా సినిమా అయినా మీకు తోచింది ధైర్యంగా చెప్పవచ్చు.

పార్ట్ 1 నాలుగైదు నిమిషాలు. ఊరు, చదువు, ఉద్యోగం, అలవాట్ల గురించి చిన్న ప్రశ్నలు. ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు సరిపోతాయి: జవాబు, కారణం, చిన్న వివరం. ‘వంట చేయడం ఇష్టమా?’ అంటే ‘యస్, ఐ లైక్ కుకింగ్’ దగ్గర ఆగకండి. వారాంతంలో మాత్రమే చేస్తారనీ, పప్పుచారు బాగా కుదురుతుందనీ చెప్పండి. ప్రశ్న వినపడకపోతే మళ్లీ అడగమనండి, అలా అడిగినందుకు మార్కు పోదు.

అసలు పని పార్ట్ 2లో ఉంది. కార్డు, కాగితం, పెన్సిల్ ఇస్తారు. సిద్ధం కావడానికి ఒక నిమిషం, ఆ తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు మీరొక్కరే మాట్లాడాలి. ఎక్కువమంది 50 సెకన్లకే మాట అయిపోయి దిక్కులు చూస్తారు. కారణం, ఆ ఒక్క నిమిషంలో పూర్తి వాక్యాలు రాయబోవడం. మొదటి వాక్యం పూర్తయ్యేసరికి నిమిషం అయిపోతుంది.

కార్డు మీద ఇలా ఉందనుకుందాం: మీరు తరచూ వెళ్లే ఒక బజారు గురించి చెప్పండి, అది ఎక్కడుంది, అక్కడ ఏం అమ్ముతారు, ఎవరితో వెళ్తారు, మీకెందుకు నచ్చింది. మీ ఇంటి దగ్గరి రైతుబజారు తీసుకోండి. కాగితాన్ని నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగంలో రెండేసి మాటలు మాత్రమే రాయండి. మొదటి దాంట్లో ‘1999, ఫ్లైఓవర్ పక్కన’. రెండో దాంట్లో ‘గోంగూర, ధరల బోర్డు’. మూడో దాంట్లో ‘నాన్న, పొద్దున్నే ఆరు’. నాలుగో దాంట్లో ‘దళారీ లేడు, తాజా’. ఒక్కో భాగానికి పాతిక ముప్ఫై సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాలు నిండుతాయి. చివరి భాగానికే ఎక్కువ సమయం ఉంచుకోండి. ‘ఎందుకు’ అన్న చోటే కారణాలు, పోలికలు, రకరకాల వాక్యాలు సహజంగా వస్తాయి. గోంగూర అంటే పరీక్షకుడికి తెలియకపోవచ్చు కాబట్టి, పప్పులో వేసుకునే పుల్లటి ఆకుకూర అని ఒక్క ముక్కలో చెప్పేయండి. తెలియని వస్తువును ఉన్న మాటలతో వివరించగలగడం పదసంపద కిందికే వస్తుంది.

ఇంకా సమయం మిగిలిపోతే కాలం మార్చండి. చిన్నప్పుడు ఆ బజారు ఎలా ఉండేది, పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందనుకుంటున్నారు. భూత, భవిష్యత్ కాలాల వాక్యాలు వాటంతటవే వచ్చి చేరతాయి. రెండు నిమిషాలకు పరీక్షకుడు మధ్యలో ఆపితే కంగారు పడకండి, అది నియమం.

వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో తిరిగే క్యూ కార్డుల (పార్ట్ 2లో ఇచ్చే కార్డుల) పీడీఎఫ్‌లను అంశాల కోసం చూడండి, వాటిలోని జవాబుల కోసం వద్దు. మనిషి, చోటు, వస్తువు, సంఘటన, అలవాటు: ఈ ఐదింటి మీద మీ జీవితంలోంచి రెండేసి సంగతులు సిద్ధంగా ఉంటే చాలా కార్డులకు సరిపోతాయి. సంగతి సిద్ధంగా ఉండాలి, వాక్యాలు కాదు. వాక్యాలు కూడా సిద్ధం చేసుకుంటే గొంతు పాఠం అప్పజెప్పినట్టు మారిపోతుంది, మధ్యలో ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది.

పార్ట్ 3 మళ్లీ నాలుగైదు నిమిషాలు. పార్ట్ 2 అంశాన్నే సమాజం స్థాయికి తీసుకెళ్తారు. సూపర్‌మార్కెట్లు వచ్చాక చిన్న వ్యాపారులు ఏమవుతారు, ఆన్‌లైన్ కొనుగోళ్లు మనుషుల అలవాట్లను ఎలా మార్చాయి, ఇలాంటివి. ఇక్కడ ‘మా ఇంట్లో’ అని మొదలెట్టకుండా ‘చాలామంది’, ‘నగరాల్లో’, ‘పెద్దవాళ్లు’ అంటూ మాట్లాడాలి. అభిప్రాయం, దానికి కారణం, ఒక ఉదాహరణ, చివర అవతలి వైపు ఒక మాట. నాలుగైదు వాక్యాలు చాలు. ఆలోచించుకోవడానికి ‘దట్స్ నాట్ సంథింగ్ ఐ హావ్ థాట్ అబౌట్ బిఫోర్’ లాంటి వాక్యం ఒకసారి వాడవచ్చు. ప్రతి ప్రశ్నకూ ‘దట్స్ ఎ వెరీ గుడ్ క్వశ్చన్’ అంటే అతికించినట్టు తెలిసిపోతుంది.

ఉచ్చారణ గురించి ఒక మాట. తెలుగు యాస ఉన్నందుకు మార్కులు పోవు. తెచ్చిపెట్టుకున్న అమెరికన్ యాస వల్ల మాట అర్థం కాకపోతే మాత్రం పోతాయి. దిద్దుకోవాల్సినవి వేరే ఉన్నాయి. మాట చివర అచ్చు చేర్చడం (‘బస్సు’, ‘బుక్కు’), ‘వర్క్డ్’ను ‘వర్కెడ్’ అనడం (అది ‘వర్క్ట్’లా పలకాలి), దిక్కును చెప్పే ‘వెస్ట్’కు పెదవులు గుండ్రంగా చుట్టకుండా పై పళ్లను కింది పెదవికి ఆనించడం. అన్నిటికన్నా ముఖ్యం ఊనిక. తెలుగులో అక్షరాలన్నీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం, ఇంగ్లిష్‌లో మాటకు ఒక అక్షరం మీద ఒత్తు పడుతుంది. ‘డెవలప్’లో ‘వె’ మీద, ‘హోటెల్’లో ‘టె’ మీద. కొత్త మాట నేర్చుకున్నప్పుడల్లా డిక్షనరీ యాప్‌లో స్పీకర్ గుర్తు నొక్కి విని, వెంటనే మూడుసార్లు పలకండి.

రైటింగ్: 60 నిమిషాల్లో రెండు పనులు

టాస్క్ 1కు కనీసం 150 పదాలు, 20 నిమిషాలు. టాస్క్ 2కు కనీసం 250 పదాలు, 40 నిమిషాలు. టాస్క్ 2 బరువు రెట్టింపు. అయినా టాస్క్ 1 మీద అరగంట పెట్టేసి, వ్యాసం ముగింపు లేకుండా వదిలేసేవాళ్లు ఎందరో. 20 నిమిషాలు కాగానే ఉన్నదున్నట్టు ఆపి ముందుకెళ్లండి. కావాలంటే టాస్క్ 2తోనే మొదలెట్టవచ్చు. కంప్యూటర్ పరీక్షలో పదాల సంఖ్య తెర మీదే కనిపిస్తుంది, స్పెల్లింగ్ దిద్దే సాయం మాత్రం ఉండదు. కాబట్టి ఇంట్లో ఆటో కరెక్ట్ ఆపేసి సాధన చేయండి.

అకడమిక్ (పై చదువుల కోసం రాసే రకం) వాళ్లకు టాస్క్ 1లో గ్రాఫ్, పట్టిక, మ్యాప్ లేదా ఒక ప్రక్రియ బొమ్మ వస్తుంది. ప్రశ్నను మీ మాటల్లో ఒక వాక్యం, ఆ వెంటనే మొత్తం మీద కనిపించే పెద్ద మార్పులు రెండు, తర్వాత అంకెలతో రెండు పేరాలు. ఆ రెండో భాగాన్నే ఓవర్‌వ్యూ అంటారు. అది లేకుండా అంకెలు ఒకదాని తర్వాత ఒకటి పేర్చితే ఎంత మంచి ఇంగ్లిష్ అయినా, అడిగింది చెప్పారా లేదా అన్న అంశంలో బ్యాండ్ 5 దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది అన్న సొంత కారణాలు రాయొద్దు. లక్ష, కోటి కూడా వద్దు: 15 లక్షలు అంటే 1.5 మిలియన్, కోటి అంటే 10 మిలియన్.

జనరల్ ట్రైనింగ్ (ఎక్కువగా ఉద్యోగం, వలస కోసం రాసే రకం) వాళ్లకు లేఖ వస్తుంది. ఇచ్చిన మూడు అంశాలనూ వదలకుండా రాయడం, ఎవరికి రాస్తున్నామో ఆ మర్యాద చివరిదాకా నిలుపుకోవడం, అంతే. స్నేహితుడికి రాసే లేఖలో ‘రెస్పెక్టెడ్’ రాకూడదు. పైన చిరునామాలు అక్కర్లేదు.

టాస్క్ 2కు వద్దాం. ఉదాహరణకు ప్రశ్న: నగరాల్లో ట్రాఫిక్ తగ్గించడానికి ప్రజా రవాణాను ఉచితం చేయాలని కొందరు అంటారు. మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు? చాలామంది ఇక్కడే జారిపోతారు. ‘ప్రజా రవాణా’ అన్న మాట కనిపించగానే కాలుష్యం, పెట్రోలు ధరలు, బస్సుల లాభాలు అన్నీ రాసేస్తారు. ప్రశ్న అడిగింది ఒక్కటే: ఉచితం చేస్తే ట్రాఫిక్ తగ్గుతుందా? ప్రతి పేరా దానికే జవాబు చెప్పాలి.

మొదటి ఐదు నిమిషాలు రాయకండి, ఆలోచించండి. ఒక పక్షం ఎంచుకోండి. ఉదాహరణకు, ఉచితం చేస్తే బస్సెక్కేవాళ్లు పెరుగుతారు గానీ కారు వదిలేవాళ్లు పెద్దగా పెరగరు అన్నది మీ వాదన. మొదటి పేరాకు కారణం: కారున్నవాళ్లు చూసేది టికెట్ ధర కాదు, సమయం, సౌకర్యం. రెండో పేరాకు ఉదాహరణ: తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. దానివల్ల చదువుకునే, పనికి వెళ్లే ఆడవాళ్లకు డబ్బు మిగులుతుంది. కానీ ఆ లాభం వేరు, రోడ్డు మీద కార్లు తగ్గడం వేరు. ఆ తేడా చూపించడమే మీ పేరా. బస్సుల సంఖ్య, వాటికి ప్రత్యేక దారి పెంచాలని ముగించవచ్చు. స్థానిక ఉదాహరణ నిక్షేపంగా వాడవచ్చు, అయితే అది ఏ రాష్ట్రమో, ఏ పథకమో తెలియని మనిషికి అర్థమయ్యేలా ఒక వాక్యంలో చెప్పాలి.

నాలుగు పేరాలు చాలు. పరిచయం రెండు మూడు వాక్యాలు, అందులోనే మీ అభిప్రాయం. ‘ఇన్ దిస్ మోడర్న్ ఎరా’, ‘ఎవ్రీ కాయిన్ హాజ్ టూ సైడ్స్’ లాంటి అరిగిపోయిన మొదళ్లు తీసేయండి, పదాలు పెరగడం తప్ప మార్కు రాదు. ప్రతి వాక్యం ముందూ ‘మోరోవర్’, ‘ఫర్దర్‌మోర్’ పెట్టడం కూడా నష్టమే. చుక్కలు పెట్టి పాయింట్లుగా రాయకూడదు, పూర్తి వాక్యాలే ఉండాలి. చివరి ఐదు నిమిషాలు మీ మూడు సొంత తప్పుల కోసమే వెతకండి.

వారానికి ఎంత?

రోజూ ఒక పార్ట్ 2 రికార్డింగ్, వినడంతో కలిపి ఇరవై నిమిషాలు. వారానికి రెండు వ్యాసాలు, రెండు టాస్క్ 1లు. రోజుకో వ్యాసం రాసి పక్కన పడేస్తే అవే తప్పులు గట్టిపడతాయి. రాసిన వ్యాసాన్ని ఎవరిచేతైనా దిద్దించుకుని, రెండు రోజుల తర్వాత పాతది చూడకుండా అదే ప్రశ్నకు మళ్లీ రాయండి. దిద్దేవాళ్లు లేకపోతే ఏఐ చాట్‌బాట్‌ను తప్పులు మాత్రమే చూపించమని అడగండి. వ్యాసాన్ని తిరగరాయించుకోవద్దు, అది చెప్పే బ్యాండ్ అంకెను నమ్మొద్దు. ఐదు, ఆరు వారాల్లో మొత్తం 60 నిమిషాల రైటింగ్ ఒకే బిగిన నాలుగుసార్లయినా రాయండి. పరీక్షలో లిజనింగ్, రీడింగ్ అయిపోయిన అలసటతో అదే పని చేయాల్సి ఉంటుంది కాబట్టి, వీలైతే ఒక రీడింగ్ టెస్ట్ తర్వాతే మొదలెట్టండి.

స్పీకింగ్ స్లాట్ మిగతా పరీక్ష రోజే కాకుండా వారం ముందో వెనకో పడవచ్చు. బుకింగ్ చేసినప్పుడే తేదీ సరిచూసుకోండి, నమోదుకు ఇచ్చిన పాస్‌పోర్టే ఆ రోజూ చేతిలో ఉండాలి. ఫలితం రెండేళ్లు చెల్లుతుంది. ఒక్క విభాగంలోనే తక్కువ వస్తే, కంప్యూటర్ పరీక్ష రాసినవాళ్లు 60 రోజుల్లోగా ఆ ఒక్కదాన్నే మళ్లీ రాసే వన్ స్కిల్ రీటేక్ ఉంది. అయితే అన్ని యూనివర్సిటీలూ, వీసా కార్యాలయాలూ దాన్ని తీసుకోవు. డబ్బు కట్టే ముందు మీ యూనివర్సిటీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.