గేర్‌బాక్స్‌లోకి నీళ్లు పోతే: వాగులు దాటే కాలానికి ముందు జాగ్రత్తలు

వాగులు, బురద గుంటలు దాటే బండికి ఇంజన్ తడుస్తుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. స్నార్కెల్ (ఇంజన్‌కు పైనుంచి గాలి అందించే గొట్టం) బిగిస్తారు, ఎయిర్ ఫిల్టర్ చూసుకుంటారు. గేర్‌బాక్స్ సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. ఇంజన్ నీళ్లు మింగితే బండి అక్కడే ఆగిపోతుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది. గేర్‌బాక్స్ అలా కాదు. బండి మామూలుగానే ఇల్లు చేరుతుంది, లోపల బేరింగులకు తుప్పు మొదలవుతుంది.

నీళ్లు దూరేది ఎక్కువగా బ్రీదర్ దగ్గరే. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె), డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) అన్నిటికీ లోపలి గాలి ఆడేందుకు బ్రీదర్ అనే చిన్న గాలి దారి ఉంటుంది. నడిచి నడిచి కాగిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి లాక్కుంటుంది. బ్రీదర్ మునిగి ఉంటే గాలి బదులు నీళ్లు వస్తాయి. అది బురదతో పూడుకుపోయి ఉంటే ఆయిల్ సీళ్ల అంచుల్లోంచి లాగుతుంది. ఆ సీళ్లు ముఖ్యంగా ఆయిల్ బయటికి కారకుండా ఆపడానికి పెట్టినవి.

అందుకే వానలు రాకముందే బ్రీదర్లకు పొడవాటి గొట్టాలు వేయించి, ఇంజన్ గదిలో వీలైనంత ఎత్తున కట్టించండి. గొట్టం ఎక్కడా మడత పడకూడదు, సైలెన్సర్ పైపుకు తగలకూడదు. నీళ్లలో దిగే ముందు ఒడ్డున కాసేపు ఆగి వేడి తగ్గనివ్వండి. నా దృష్టిలో ఖర్చు లేని జాగ్రత్తల్లో దీన్ని మించింది లేదు. పాత ల్యాండ్ రోవర్లలో బెల్ హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ఉండే గూడు) అడుగు రంధ్రానికి నీళ్లలో దిగే ముందు బిగించే ప్లగ్ వేరే ఉంటుంది. దాటాక దాన్ని మళ్లీ తీసేయాలి.

లోతైన నీళ్లు దాటి వచ్చాక అనుమానం ఉంటే బండిని ఇక నడపకండి. చదునైన చోట కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. తర్వాత డ్రెయిన్ ప్లగ్‌ను పూర్తిగా విప్పకుండా మెల్లగా వదులు చేసి, కింద గాజు సీసా పట్టండి. ముందు తేటనీటి బొట్లు జారి, వాటి వెనక ఆయిల్ చిక్కగా దిగితే నీళ్లు ఇంకా కలవలేదన్నమాట. పాలు కలిపిన కాఫీలా వస్తే గేర్లు అప్పటికే చిలికేశాయి, ఎంతసేపు ఆగినా విడిపోవు. ఇక్కడో మాట: ఎప్పుడైనా ముందు పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూశాకే కింది ప్లగ్ తీయండి. పైది బిగుసుకుపోయి ఉంటే ఖాళీ గేర్‌బాక్స్‌తో ఇరుక్కుపోతారు.

మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే పాత ఆయిల్ అంతా దించి, అదే గ్రేడు చవక ఆయిల్ పోయండి. చక్రాలకు అడ్డు పెట్టి, ట్రాన్స్‌ఫర్ కేస్‌ను న్యూట్రల్‌లో ఉంచి, కొద్దిసేపు గేర్లు తిప్పి, గోరువెచ్చగా ఉండగానే దించేయండి. రంగు తేటబడేదాకా ఇదే పని. డీజిల్‌తో కడగమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, నేను ఒప్పుకోను. మూలల్లో మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌ను పల్చబరుస్తుంది. చివరగా పోసేది మాన్యువల్ పుస్తకంలో చెప్పిన ఆయిలే అయి ఉండాలి. జీఎల్-4, జీఎల్-5 అని గేర్ ఆయిల్‌లో రకాలుంటాయి; జీఎల్-4 అడిగిన చోట ఏదో ఒక జీఎల్-5 పోస్తే, గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు పాడయ్యే ప్రమాదముంది. ట్రాన్స్‌ఫర్ కేస్, డిఫరెన్షియల్స్ ఆయిల్ వేరు కాబట్టి వాటినీ విడిగా చూడాలి.

ఆటోమేటిక్ అయితే అసలు స్టార్టే చేయకండి. లోపలి క్లచ్ ప్లేట్ల మీద కాగితం లాంటి పొర జిగురుతో అంటించి ఉంటుంది. అది నీళ్లు పీల్చుకుని ఊడిపోతే గేర్‌బాక్స్ విప్పాల్సిందే. చక్రాలు రోడ్డు మీద దొర్లేలా లాక్కెళ్లొద్దు, బండిని లారీ మీదికి ఎక్కించండి. అడుగు పాన్ నుంచి దించితే కొంత ఆయిలే వస్తుంది. టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం), ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ గొట్టాల్లో చాలా మిగిలిపోతుంది. ఒక్కసారి మార్చి వదిలేస్తే ఫలితముండదు. ఫిల్టర్ మార్చి, కూలర్ గొట్టాలు శుభ్రం చేయించి, నింపడం దించడం మళ్లీ మళ్లీ చేయించాలి.

నీళ్లలో దిగకుండానే ఆటోమేటిక్ ఆయిల్ గులాబీ రంగు పాలలా మారితే అనుమానించాల్సింది రేడియేటర్‌ను. దాని లోపలి ఆయిల్ కూలర్ చిట్లి కూలెంట్ కలుస్తుంటుంది. ముందు రేడియేటర్ మార్చకపోతే పోసిన ఆయిలల్లా వృథా.

శుభ్రం చేశాక కొన్ని రోజులు నడిపి ఆయిల్ మళ్లీ చూడండి. మళ్లీ పాలరంగు కనిపిస్తే సీళ్లు మార్పించాలి, బ్రీదర్ గొట్టం ఇంకా పైకి జరపాలి.