స్విట్జర్లాండ్ టూరిస్ట్ వీసా: హైదరాబాద్ నుంచి అప్లై చేసేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

సమ్మర్ సెలవుల్లో ఫ్యామిలీతో స్విట్జర్లాండ్ వెళ్దామనుకునేవాళ్లు చాలామంది ఆఫర్ ఉందని ఫ్లైట్ టికెట్లు కొనేసి ఆ తర్వాత వీసా సంగతి చూస్తున్నారు, దయచేసి అలా చెయ్యకండి. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద వెళ్లాలంటే షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) వీసా ఉండాల్సిందే, అమెరికా వీసా ఉంది కదా, యూకే వీసా ఉంది కదా అంటే కుదరదు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ షెంగెన్‌లో 2008 నుంచీ ఉంది, అందుకే అదే వీసాతో ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీ కూడా చూసి రావచ్చు, మొత్తం 29 దేశాలు. లండన్ మాత్రం ఇందులో రాదు, దానికి వీసా వేరే.

ఏ దేశానికి అప్లై చెయ్యాలి అంటే, ఎక్కువ రోజులు ఎక్కడుంటే ఆ దేశానికి. పారిస్‌లో మూడు రోజులు, స్విట్జర్లాండ్‌లో ఆరు రోజులైతే స్విస్ వీసా. రెండు చోట్లా సమానమైతే ముందు ఎక్కడ అడుగుపెడతారో ఆ దేశం. కొందరు ఏజెంట్లు ఫలానా దేశం స్లాట్ ఈజీగా దొరుకుతోంది, అక్కడ వేసేద్దాం, తర్వాత మీకు నచ్చిన చోటికి పోండి అంటారు, ఒప్పుకోకండి, రేపు ఎయిర్‌పోర్టులో అడిగితే సమాధానం చెప్పాల్సింది మీరే, ఏజెంట్ కాదు.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఏదైనా డౌట్ వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు. నన్నడిగితే మే నెల ట్రిప్‌కి జనవరి, ఫిబ్రవరిలోనే ఫైల్ పెట్టేయండి, ఎండాకాలం దగ్గరపడ్డాక అపాయింట్‌మెంట్లే దొరకవు. ఫామ్ ఆన్‌లైన్‌లో నింపి ప్రింట్ తీసి సంతకం పెట్టి హైదరాబాద్ వీఎఫ్ఎస్ సెంటర్‌లో ఇవ్వాలి, అక్కడ కాగితాలు తీసుకోవడం, వేలిముద్రలు తీసుకోవడం వరకే, వీసా ఇవ్వాలా వద్దా అనేది ఎంబసీ చూసుకుంటుంది. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45, ఆరేళ్ల లోపు వాళ్లకి లేదు, సర్వీస్ ఛార్జ్ అదనం. రిజెక్ట్ అయితే ఫీజు తిరిగి రాదు.

పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా 3 నెలలైనా చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. మనవాళ్లకి ఇంకో ఇబ్బంది ఇంటిపేరు. పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది, ఆఫీసు లెటర్లో అసలుండదు. ఫామ్, టికెట్, ఇన్సూరెన్స్ అన్నిట్లో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయండి, మిగతావాటిలో తేడా ఉంటే కవర్ లెటర్లో ఒక లైన్ రాసి చెప్పేయండి.

ఇక అసలు విషయం. ఆఫీసర్‌కి మీరెవరో తెలియదు, చేతిలో ఉన్నది మీ ఫైల్ ఒక్కటే, అందులో కాగితాలన్నీ ఒకే మాట చెప్పాలి. లీవ్ లెటర్లో పది రోజులుండి హోటల్ బుకింగులు తొమ్మిది రాత్రులకి బదులు ఏడు రాత్రులకే ఉంటే మిగతా రెండు రాత్రులు ఎక్కడుంటారనే డౌట్ వస్తుంది. డబ్బు విషయంలో స్విస్ వాళ్లు మామూలుగా మనిషికి రోజుకి 100 ఫ్రాంకులు లెక్క చూస్తారు. అలాగని అప్లై చేసే ముందు వారం అకౌంట్‌లో ఎవరిచేతో లక్షలు వేయించకండి, అది చేబదులని స్టేట్‌మెంట్ చూడగానే తెలిసిపోతుంది. నెలనెలా జీతం పడుతూ ఖర్చులు పోతూ కాస్త మిగులుతున్న మామూలు అకౌంటే నయం. నిజంగానే ఎఫ్‌డీ తీసినా, స్థలం అమ్మినా ఆ కాగితం జత చెయ్యండి. వ్యవసాయం చేసే అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే వాళ్లకి ఐటీ రిటర్న్స్ ఉండకపోవచ్చు, కంగారు పడక్కర్లేదు, ఖర్చు మీదేనని లెటర్ రాసి మీ రిటర్న్స్, జీతం స్లిప్పులు పెట్టండి, వాళ్ల పట్టాదార్ పాస్‌బుక్ కాపీ కూడా పెడితే మంచిది, తిరిగి రావడానికి ఊళ్లో ఒక ఆధారం ఉందని కనిపిస్తుంది.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి, షెంగెన్ మొత్తానికి, ఉన్న అన్ని రోజులకీ ఉండాలి. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకైతే పాత జబ్బులు కవర్ అవుతాయో లేదో చదివి తీసుకోండి, చౌకగా వచ్చిందని మాత్రం కొనకండి.

వీసా వచ్చాక స్టిక్కర్ మీద తేదీలు, ఎన్ని రోజులుండొచ్చు, ఎన్నిసార్లు వెళ్లొచ్చు అన్నీ చూసుకోండి. ఒకే ఎంట్రీ ఇస్తే మధ్యలో లండన్ వెళ్లి మళ్లీ జూరిక్ రావడం కుదరదు.

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అయిపోతుంది, కాబట్టి తర్వాతి ఫ్లైట్‌కి టైమ్ బాగా ఉంచుకోండి, దుబాయ్ మీదుగా అయితే జూరిక్‌లో. వీసా ఉన్నా రిటర్న్ టికెట్, హోటల్ కాగితాలు అడిగే హక్కు ఇమిగ్రేషన్ వాళ్లకుంది, అవి చేతి బ్యాగ్‌లోనే పెట్టుకోండి. 2025 అక్టోబర్ 12 నుంచి ఈఈఎస్ అని కొత్త సిస్టమ్ దశలవారీగా మొదలుపెట్టారు, పాస్‌పోర్ట్ మీద ముద్ర వెయ్యకుండా ఫోటో తీసుకుని, వీసాకి ఇచ్చిన వేలిముద్రలతో సరిచూసి రాకపోకలు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు, ఒక్క రోజు ఎక్కువున్నా తెలిసిపోతుంది.

లగేజీలో నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టకండి, మాంసం, పాల పదార్థాలు ఇండియా నుంచి తీసుకెళ్లడం అక్కడ నిషేధం, మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా వద్దు. కందిపొడి, కారప్పొడి లాంటివి నెయ్యి కలపకుండా గట్టిగా ప్యాక్ చేసి తీసుకెళ్లండి.