అన్నం తిన్నాకే షుగర్ ఎగబాకుతోందా? మెగ్నీషియం సంగతీ చూడండి

సమస్య: పరగడుపున 110. మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు 230. మాత్రలు మానలేదు, స్వీట్లు ముట్టలేదు.

ముందు కంచం చూడండి. నెల్లూరు సన్నబియ్యం తెల్లగా మెరవాలని పాలిష్ పట్టిస్తాం. తవుడుతో పాటు పీచు, మెగ్నీషియంలో చాలా భాగం మిల్లులోనే పోతాయి. చేపల పులుసు ఉన్న రోజైతే అన్నం ఎన్నిసార్లు వడ్డించుకున్నామో ఎవరికీ గుర్తుండదు. పులుసు తప్పేం లేదు లెండి.

ఇన్సులిన్ కణాన్ని అంటుకున్నాక లోపల జరగాల్సిన పనికి మెగ్నీషియం కావాలి. అది చాలకపోతే ఇన్సులిన్ ఉన్నా దాని పని మందగిస్తుంది. పైగా షుగర్ బాగా పెరిగినప్పుడు మూత్రంలో మెగ్నీషియం ఇంకా ఎక్కువ పోతుంది.

పరిష్కారం: అన్నం సగం చేయండి. ఆ ఖాళీలో ఉడికించిన అలసందలో పెసలో, తోటకూర వేపుడు. సాయంత్రం గుప్పెడు వేరుశనగ గుళ్లు. రాగుల్లో మెగ్నీషియం, కాల్షియం బాగానే ఉన్నాయి, కానీ రాగి కదా అని రెండు ముద్దల సంగటి లాగిస్తే మీటర్ ఊరుకోదు. పల్చటి జావ ఇంకా త్వరగా పెంచుతుంది.

సమస్య: తిండి మార్చినా తగ్గట్లేదు, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి.

మందుల డబ్బా తెరవండి. పాంటోప్రజోల్, ఓమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వాడితే మెగ్నీషియం తగ్గొచ్చు. బీపీకి ఇచ్చే కొన్ని నీటి మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసే క్లోర్‌థాలిడోన్ వంటివి) పొటాషియం తగ్గిస్తాయి. అది తగ్గితే క్లోమం ఇన్సులిన్‌ను సరిగా వదలదు. వీటిని సొంతంగా ఆపేయకండి. పాత చీటీలన్నీ డాక్టర్‌కి చూపించి రక్తంలో రెండూ పరీక్ష చేయించండి. ఒంట్లోని మెగ్నీషియంలో రక్తంలో ఉండేది 1 శాతం లోపే కాబట్టి, రిపోర్టు నార్మల్ అని వచ్చినా లోటు లేదని తేల్చలేం.

షుగర్ తగ్గడానికి క్రోమియం, జింక్ మాత్రలా? క్లోమంలో ఇన్సులిన్ జింక్‌తో కలిసే నిల్వ ఉంటుంది, నిజమే. అంతమాత్రాన, లోపం లేనివాళ్లు మింగితే ఇన్సులిన్ పెరుగుతుందని అనుకోకూడదు. క్రోమియం మీద పరిశోధనలు ఒక మాట మీద లేవు. నన్నడిగితే ఆ డబ్బుతో కాయగూరలు కొనుక్కోండి.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు పై సలహాలు వర్తించవు. ప్రకాశం పడమటి మెట్టలో ఇలాంటి ఇళ్లు తక్కువేం కాదు. వాళ్లకు పొటాషియం, మెగ్నీషియం బయటికి పోక ఒంట్లోనే పేరుకుంటాయి. మాత్రలే కాదు, కొబ్బరి నీళ్లు కూడా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూసిన డాక్టర్‌ని అడిగాకే తాగాలి.