పర్లాకిమిడి డాబా మీద ప్యాకెట్ రేడియో: సౌండ్ కార్డే మోడెమ్

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి ఒడిశాలోని మా గజపతి జిల్లా అల్లాడిపోయింది. పర్లాకిమిడిలో మా వీధికి ముందు కరెంటు పోయింది, తర్వాత ఫోన్లు పోయాయి. సరిహద్దు దాటితే పాతపట్నం, అక్కడ మా అక్క వాళ్లిల్లు. వాళ్లు బాగున్నారని తెలుసుకోవడానికి పడిపోయిన చెట్ల మీంచి సైకిల్ ఎత్తుకుంటూ వెళ్లాను. ఆ తర్వాతే నేనూ బావా పరీక్ష రాసి హ్యామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సులు తెచ్చుకున్నాం. ఇప్పుడు మా రెండు డాబాల మధ్య రేడియోలో మాటే కాదు, రాత కూడా నడుస్తోంది. అది ఎలా కుదిరిందో చెబుతాను. లైసెన్సు లేకుండా మాత్రం ట్రాన్స్‌మిట్ చేయకండి.

ప్యాకెట్ అంటే మనం టైపు చేసినదాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా ఎవరి నుంచి ఎవరికో కాల్‌సైన్లు (లైసెన్సుతో వచ్చే రేడియో పేర్లు) వేసి, శబ్దంగా మార్చి పంపడం. శబ్దాలు రెండే: 1200 హెర్ట్జ్, 2200 హెర్ట్జ్. సెకనుకు 1200 బిట్లు పోతాయి. ముక్క చివర 16 బిట్ల సరిచూసే సంఖ్య ఉంటుంది. దారిలో ఒక్క బిట్ చెడినా అవతలి సాఫ్ట్‌వేర్ మామూలుగా ఆ ముక్క మొత్తాన్నీ పారేస్తుంది. అందుకే చెవికి శుభ్రంగా వినిపించినా తెర మీద ఏమీ రాకపోవచ్చు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఒకప్పుడు దీనికి టీఎన్‌సీ అని వేరే పెట్టె కొనాలి. ఇప్పుడు ఆ పని సౌండ్ కార్డు, డైర్‌వోల్ఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కలిసి చేస్తాయి. లినక్స్, విండోస్, రాస్ప్‌బెర్రీ పై, దేని మీదైనా నడుస్తుంది. కంప్యూటర్‌లో ఉన్న సౌండ్ కార్డు వాడకండి. మెయిల్ వచ్చినప్పుడు మోగే టింగు కూడా గాలిలోకి పోతుంది. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి రేడియో కోసమే పెట్టండి.

వైర్ల కోసం పాడైన స్పీకర్ మైక్ ఒకటి తీసుకుని త్రాడు కోయండి. ఏ తీగ దేనిదో రంగు చూసి నమ్మొద్దు. పీటీటీ బటన్ (మాట్లాడేటప్పుడు నొక్కేది) నొక్కి పట్టుకుని మల్టీమీటర్‌తో చూస్తే ఏ రెండు కలుస్తున్నాయో తెలుస్తుంది.

కంప్యూటర్ గ్రౌండు, రేడియో గ్రౌండు నేరుగా కలిస్తే గుయ్యిమని హమ్ వస్తుంది. రెంటి మధ్యా 600 ఓమ్‌ల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. మాది రిపేరు కొట్టు. పాత డయల్-అప్ మోడెమ్‌లు అటక మీద పడున్నాయి. ఒకటి విప్పితే, ఫోన్ లైన్ సాకెట్ పక్కనే అగ్గిపెట్టెలో సగం ఉండే నల్లటి ట్రాన్స్‌ఫార్మర్ కనిపించింది. ఐరన్‌తో నాలుగు కాళ్లూ వేడిచేసి తీశాను. రాకకొకటి, పోకకొకటి, మొత్తం రెండు కావాలి.

సౌండ్ కార్డు నుంచి దాదాపు వోల్టు వస్తుంది, రేడియో మైకుకు కొన్ని మిల్లీవోల్టులు చాలు. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండుకు 1 కిలో ఓమ్ ప్రీసెట్ (తిప్పి సర్దుకునే చిన్న రెసిస్టర్), దాని మధ్య కాలు నుంచి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా మైకుకు. మైకు తీగలో ఉండే డీసీ వెనక్కి రాకుండా ఆ కెపాసిటర్ ఆపుతుంది.

పీటీటీకి వాక్స్ (శబ్దం రాగానే దానంతటదే ట్రాన్స్‌మిట్ చేసే ఏర్పాటు) వాడొద్దని నా గట్టి మాట. ప్యాకెట్ అయిపోయినా వాక్స్ కాసేపు బటన్ వదలదు, ఈలోగా అవతలి జవాబు వచ్చి పోతుంది. యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ ఆర్‌టీఎస్ కాలు (సాఫ్ట్‌వేర్ ఆన్, ఆఫ్ చేయగలిగేది) నుంచి 470 ఓమ్‌ల మీదుగా పీసీ817 ఆప్టోకప్లర్‌కు ఇవ్వండి; వెలుతురుతో పనిచేసే ఆ స్విచ్చే పీటీటీ బటన్ బదులు పనిచేస్తుంది. కొన్ని కన్వర్టర్లలో ఇది తలకిందులుగా పనిచేస్తుంది. అప్పుడు డైర్‌వోల్ఫ్ కాన్ఫిగ్ ఫైల్లో ఆర్‌టీఎస్ ముందు మైనస్ గుర్తు పెడితే సరి. కంప్యూటర్ లేచేటప్పుడు రేడియో దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి పోవచ్చు. కంప్యూటర్ పూర్తిగా లేచాకే రేడియో ఆన్ చేయండి.

వినేటప్పుడు స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దం ఆపేసేది) పూర్తిగా తెరిచి ఉంచండి. చేతి రేడియో అయితే బ్యాటరీ సేవ్, డ్యుయల్ వాచ్ (రెండు ఛానెళ్లు మార్చిమార్చి వినడం) రెండూ ఆపేయండి. అవి ఉంటే ప్యాకెట్ తల తెగిపోతుంది. విండోస్‌లో నాయిస్ సప్రెషన్ లాంటి మెరుగులన్నీ తీసేయండి. ప్యాకెట్ అందినప్పుడల్లా డైర్‌వోల్ఫ్ ఆడియో లెవెల్ చూపిస్తుంది. అది 50 దగ్గర ఉండేలా వాల్యూమ్ సర్దండి.

అన్నీ కట్టాక మూడు సాయంత్రాలు మాకు ఒక్క ప్యాకెట్ కూడా అందలేదు. "బామ్మర్దీ, నీ రేడియో బర్రుమని చెవులు పగిలేలా వినిపిస్తోంది, తెర మీద మాత్రం ఒక్క అక్షరం పడలేదు" అన్నాడు బావ. నేనేమో ఇంకా పెంచాను. నాలుగో రోజు ఆలోచన వచ్చింది. ట్రాన్స్‌మిట్ చేసే ముందు రేడియో ఎక్కువ హెర్ట్జ్ ఉన్న శబ్దాలను ఎత్తి (బలం పెంచి) పంపుతుంది, అవతలి రేడియో వాటిని అంతే దించుకుంటుంది. నేను ఇంత గట్టిగా ఇస్తే, ముందే ఎత్తుగా ఉన్న 2200 లిమిటర్‌కు (శబ్దం హద్దు దాటకుండా ఆపే భాగానికి) తగిలి అక్కడే ఆగిపోతుంది, 1200 మాత్రం పెరుగుతూనే ఉంటుంది. దించుకున్నాక బావ దగ్గర 2200 బలహీనంగా మిగులుతోంది. తప్పు వైరింగ్‌లో లేదు, నా వాల్యూమ్‌లో ఉంది.

సరిచేయడం సులువే. పక్కన ఇంకో రేడియో పెట్టుకుని వింటూ ప్రీసెట్ మెల్లగా తిప్పండి. ఒకచోట శబ్దం ఇక పెరగదు. అక్కడి నుంచి వెనక్కి, దాదాపు సగానికి తగ్గించండి. డీవియేషన్ (శబ్దానికి రేడియో ఫ్రీక్వెన్సీ అటూఇటూ ఊగే మేర) 3 కిలోహెర్ట్జ్ దగ్గరుంటే మంచిది. టీఎక్స్‌డిలే (ట్రాన్స్‌మిట్ మొదలయ్యాక ప్యాకెట్‌కు ముందు ఆగే సమయం) 30 పెట్టండి, అంటే 300 మిల్లీసెకన్లు. ఆ సాయంత్రం "అక్క పెసరట్లు వేస్తోంది, రా" అని తెర మీద పడింది. నా కళ్లు చెమర్చాయి.

దగ్గర్లో జత దొరకనివాళ్లు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన తల మీదుగా వెళ్లేటప్పుడు 145.825 మెగాహెర్ట్జ్ వినండి. అక్కడి ప్యాకెట్ డిజిపీటర్ (అందిన ప్యాకెట్‌ను తిరిగి పంపేది) నడుస్తున్న రోజైతే, పది నిమిషాల్లోపే ఎన్నో కాల్‌సైన్లు తెర మీద పడతాయి. మా డాబాకు ఈశాన్యంలో మహేంద్రగిరి ఉంది కాబట్టి కేంద్రం అటు దిగే పాస్‌లు (మన మీదుగా వెళ్లే విడతలు) ముందే తెగిపోతాయి. మీ చుట్టూ ఏ కొండ ఎటుందో చూసుకోండి.

లెవెల్ కుదిరిన రోజే ప్రీసెట్ మీద మా ఆవిడ గోళ్ల రంగు ఒక చుక్క వేశాను, కదలకుండా. కంప్యూటర్‌లో ఏ స్లయిడర్ ఎంతలో ఉందో కాగితం మీద రాసి ఈ సర్క్యూట్ ఉన్న డబ్బా మూత లోపల అంటించాను. బావ డబ్బాలోనూ అలాంటి కాగితమే ఉంది.