డైకాస్ట్ యుద్ధవిమానాల సేకరణ – పాఠం 2: ముందు అర కొలవండి, తర్వాత స్కేలు

డైకాస్ట్ అంటే అచ్చులో లోహం పోసి చేసిన చిన్న మోడల్. ఏ దేశం, ఏ కాలం విమానాల మోడళ్లు చేర్చాలో మొదటి పాఠంలో తేల్చుకున్నాం. ఇప్పుడు టేపు పట్టుకుని అల్మారా దగ్గరికి వెళ్లండి. అర పొడవు, లోతు, పై అరకు మధ్య ఎత్తు, ఈ మూడూ రాసుకోండి. అద్దం తలుపు ఉంటే లోతు తలుపు వేసి చూసుకోవాలి.

మోడల్ పొడవు అసలు విమానంలో ఎన్నో వంతో చెప్పేదే స్కేలు; 1:72 అంటే 72వ వంతు. లెక్క తేలికే. అసలు విమానం కొలతను సెంటీమీటర్లలోకి మార్చి స్కేలు అంకెతో భాగించాలి. స్పిట్‌ఫైర్ రెక్కల కొస నుంచి కొసకు 11.23 మీటర్లు. 1:72లో అది 15.6 సెం.మీ., 1:48లో 23.4 సెం.మీ. లాంకాస్టర్ బాంబర్‌కు 1:72లోనే 43 సెం.మీ. కావాలి. బి-52 అయితే 78 సెం.మీ., మామూలు అరలో పట్టదు. దాన్ని 1:200లో తీసుకుంటే 28 సెం.మీ.కి సరిపోతుంది.

మన వాయుసేన సుఖోయ్-30ఎంకేఐ పొడవు దాదాపు 22 మీటర్లు. 1:72లో 30 సెం.మీ. దాటుతుంది కాబట్టి అడుగు లోతున్న అరలో ముక్కు ముందుకు పెడితే తలుపు పడదు. 45 డిగ్రీలు ఏటవాలుగా తిప్పితే సుమారు 25 సెం.మీ. లోతు చాలు. పైగా ఆ కోణంలోనే దాని జంట తోకలు బాగా కనిపిస్తాయి.

ఒక అరలో ఒకటే స్కేలు ఉంచండి. 1:48 స్పిట్‌ఫైర్ పక్కన 1:72 మిగ్-21 పెడితే, మిగ్ రెక్కలు పది సెంటీమీటర్లకు మించవు కనుక, నిజానికి ఎంతో బరువైన ఆ జెట్టు బొమ్మలా చిన్నబోతుంది. ఫైటర్లతో మొదలుపెట్టేవారికి మా సలహా 1:72. హాబీ మాస్టర్, కోర్గి రెండూ ఈ స్కేలులో విరివిగా తయారుచేశాయి, ఎంచుకోవడానికి వీలుంటుంది.

ఇక మోడల్ చేతికొచ్చాక చూడాల్సినవి. రెక్కలు పట్టుకుని ఎత్తకండి, పొట్ట కింద చేయి వేసి ఎత్తండి. ముక్కును కంటికి ఎదురుగా, కంటి ఎత్తులో పెట్టి చూడండి: రెండు రెక్కలూ ఒకే వంపులో ఉన్నాయా? రెక్క ఒంటిని కలిసేచోట గోరు దూరేంత సందు ఉంటే వద్దు, అది తర్వాత సర్దుకోదు. గాజు పలక మీద నిలిపితే మూడు చక్రాలూ ఆనాలి. ముక్కు చక్రం గాలిలో తేలితే బరువు తోకవైపు పడిందని అర్థం. ముక్కు కొసనుండే సన్నని పిటోట్ గొట్టం (అసలు విమానంలో వేగం కొలిచేది) చాలా మోడళ్లలో ప్లాస్టిక్‌దే, అన్నిటికన్నా ముందు విరిగేదీ అదే.

పాత మోడల్ కొనేటప్పుడు మరో జాగ్రత్త. ఒళ్లు జింకు మిశ్రమంతో పోసినది. అందులో సీసం కలిస్తే లోహం లోపల్నుంచే పగులుతుంది, తేమ దాన్ని ఇంకా త్వరపెడుతుంది. రంగు కింద వెంట్రుకల్లాంటి గీతలు, రెక్క మీద ఉబ్బు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి, దానికి మరమ్మతు లేదు. ఆన్‌లైన్‌లో అయితే ముందు, పైన, అడుగున తీసిన ఫొటోలు అడగండి. చక్రాలు, క్షిపణులు ఉన్న చిన్న సంచి పెట్టెలో ఉందో లేదో కూడా అడగాలి.

అభ్యాసం: మీ జాబితాలోని ఐదు విమానాలకు 1:72లో పొడవు, రెక్కల కొలత లెక్కగట్టి, పాత న్యూస్‌పేపరు మీద ఆ సైజులో కత్తిరించి అరలో పరిచి చూడండి. మూడో పాఠంలో స్టాండు మీద నిలపాలా, చక్రాల మీదనా అన్నది చూద్దాం.